గొడ్డలి అడిగితే మనిషి వచ్చాడు

1991లో తెలుగు పండితుడిగా మారేడుమిల్లి వచ్చిన కొత్తలో, పొయ్యిలోకి కట్టెలు చీల్చుకోవడానికి గొడ్డలి కావలసివచ్చింది. పక్కింట్లో ఒక కొండరెడ్డి తాత ఉండేవాడు. అడగకుండానే తేనె ఇచ్చినవాడు, వెదురు కొమ్ములు ఇచ్చినవాడు, మా ఆవిడకు జ్వరం వస్తే జావ కాయించి పంపినవాడు. గొడ్డలి మాత్రం ఇవ్వలేదు. గోడకు ఆనించి ఉన్నదాన్ని భుజాన వేసుకుని, "పద పంతులూ, నేనే వత్తాను" అన్నాడు. వచ్చి కట్టెలన్నీ చీల్చి, పేర్చి, గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పంతులు మీద నమ్మకం లేదు కాబోలు అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

వస్తువు మీద మమకారం మంచిది కాదని వింటూ పెరిగినవాణ్ణి. అపరిగ్రహం జైనుల అయిదు మహావ్రతాల్లో ఒకటి. పతంజలి చెప్పిన యమాల్లోనూ ఉంది. గాంధీగారు తన ఆశ్రమ వ్రతాల్లో చేర్చుకున్నారు. అక్కరకు మించి పెట్టుకోకు, ఉన్నదాన్ని నాదనుకోకు అని అందరూ చెప్పేది ఒకటే. బాగుంది. మరి పని చేసుకునే మనిషి చేతిలోని పనిముట్టు సంగతేమిటి? ఎంచి ఎంచి, ఖరీదు పెట్టి కొని, నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుకున్న పానా మీద ప్రేమ కూడా బంధమేనా? ముప్పై ఏళ్లుగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. కాశీలో పండితులను అడగవలసిన ప్రశ్నేమో గాని, నాకు మాత్రం ఘాట్ రోడ్డు మీద, బండి పక్కన గొంతుక్కూర్చున్నప్పుడే ఎదురైంది.

బండంటే హీరో హోండా సీడీ 100, ఎవరో వాడి అమ్మినది. ఇక్కడినుంచి రాజమండ్రి 80 కిలోమీటర్ల పైచిలుకు. నాకు గురి ఉన్న మెకానిక్కు రంపచోడవరంలో ఉండేవాడు. చింతూరు వైపు మలుపుల్లో బండి ఆగిందంటే మన చెయ్యే మనకు దిక్కు. అందుకని రాజమండ్రిలో ఒక దుకాణంలో తళతళలాడే పానాల సెట్టు ఒకటి, ఒక స్టార్ స్క్రూడ్రైవరు చౌకగా వచ్చాయని కొన్నాను.

ఇంజను పక్క మూతకు స్టార్ మరలుంటాయి. ఒకరోజు వాటిని విప్పబోయాను. స్క్రూడ్రైవరు మొన గుంటలో కుదురుకున్నట్టే ఉంది. తిప్పగానే మెల్లగా పైకి లేచి, గుంట అంచుల్ని గీరేసి బయటికి జారిపోయింది. ఇంకాస్త బలంగా నొక్కి తిప్పాను, ఇంకాస్త గీరింది. నాలుగోసారికి నాలుగు రెక్కల గుంట కాస్తా గుండ్రటి గిన్నె అయిపోయింది. తరవాత రంపచోడవరం మెకానిక్కు చెప్పాడు. జపాను బళ్ల మరల తల మీద చిన్న చుక్క ఉంటుంది, వాటి గుంట కొలత వేరు, మామూలు ఫిలిప్స్ మొన అడుగుదాకా దిగదు. ఫిలిప్స్ మర 1930ల్లో అమెరికాలో పుట్టింది. జపానువాళ్లు తమ ప్రమాణం తాము పెట్టుకున్నారు. రెండూ కంటికి ఒకటే.

ఆ గిన్నెపడిన మర చాలాకాలం నా బల్ల మీదే ఉంది. తప్పు చేసింది నేను, శిక్ష దానికి పడింది. సాధనం దగ్గర నేను మిగుల్చుకున్న డబ్బు ఆ మర కట్టింది. నాసి పనిముట్టు కొనేటప్పుడు నష్టం నాదే కదా, అరిగితే పారేస్తాను అనుకుంటాం. అది అరిగేలోపు ఎన్నిటినో పాడుచేస్తుంది. పట్టు జారిన పానా ముందు బోల్టు తలను తింటుంది, తరవాత పట్టుకున్నవాడి వేళ్లను. అందుకే కొనేటప్పుడు చూసే చూపు కూడా పనిలో భాగమే, తప్పొప్పులు అక్కడినుంచే మొదలవుతాయి అని అప్పుడనిపించింది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలంటాడు. పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, చివరికి దైవం. సాధనానికి అక్కడున్న మాట కరణం. శంకరులు దానికి చెవి మొదలైన ఇంద్రియాలని అర్థం చెప్పారు. ఆయన్ను కాదనేంతవాణ్ణి కాను. కాని వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి కదా, ఇంకొక సంగతి నన్ను వదలదు. పని నెరవేరడానికి అన్నిటికంటే ఎక్కువ తోడ్పడేదాన్ని పాణిని కరణమన్నాడు. పాఠాల్లో దానికి తరచు చెప్పే ఉదాహరణ గొడ్డలి. గొడ్డలితో నరికాడు. కోపతాపాలు, వివేకం అన్నీ పుట్టే లోపలి చోటును కూడా మనవాళ్లు అంతఃకరణమనే అన్నారు, అంటే లోపలి పనిముట్టు. పెద్దలు లోపలిదాన్ని పదును పెట్టుకోమన్నప్పుడు బయటిదాన్ని మొద్దుగా ఉంచుకోమని మాత్రం అనలేదు.

మన తెలుగులో ఇంకొక అందముంది. "తో" ఒక్కటే విభక్తి, గొడ్డలితోనూ అంటాం, తాతతోనూ అంటాం. సాధనానికీ తోడుకీ ఒకే ప్రత్యయం. ఏళ్లతరబడి పిల్లలకు వల్లె వేయించాను, నాకు తట్టలేదు.

ఎంచుకోవడం నాకు నేర్పినవాడు సంతలో కొలిమి పెట్టే కమ్మరి. లారీ కమాను పట్టీలు కొని కత్తులు, కొడవళ్లు సాగగొట్టేవాడు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఇనుము గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని రాతి మీద రుద్ది మెరిపించి, మళ్లీ సన్నటి వేడి తగిలించేవాడు. మెరుపు మీద ముందు ఎండుగడ్డి పసుపు పాకుతుంది, తరవాత గోధుమ, తరవాత వంకాయ రంగు, ఆపైన నీలం. కావలసిన రంగు అంచుకు చేరిన క్షణంలో చప్పున ముంచేసేవాడు. పాయన పెట్టడమంటే అది. పసుపు దగ్గర ఆపితే గట్టిగా ఉంటుంది గాని విరుగుతుంది, నీలం దాటితే వంగుతుంది. ఉక్కు అనే మాటే మనది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ విద్య కొస ఇంకా మా సంతలో ఎక్కడో మిగిలి ఉందనిపించి, ఆ కొలిమి దగ్గర పూటలు పూటలు కూర్చునేవాణ్ణి.

అప్పటినుంచి దుకాణంలో మెరుపు చూడటం మానేశాను. కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లి పానా దాని తలకు తొడుగుతాను. గలగలలాడకూడదు. రింగులో పన్నెండు మూలలకన్నా ఆరు మూలలున్నది అరిగిన తలను బాగా పడుతుంది. ప్లయరు నోరు మూసి వెలుగుకేసి పట్టుకుంటాను, సందు కనిపించకూడదు. సుత్తి కామలో చెక్క గీతలు నిలువునా పారాలి, అడ్డంగా ఉంటే ఎప్పటికైనా విరిగి తల ఎగిరిపోతుంది. నాసిక్ టాపారియా పానాలు ఒక్కొక్కటిగా, జీతం వచ్చినప్పుడల్లా ఒకటి కొన్నాను. ఆరేళ్లు పట్టింది. చౌక సెట్టును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, పాత ఇనుములో వేసేశాను. నేను వాడలేనిదాన్ని ఇంకొకరికి దానం చెయ్యడం తప్పనిపించింది.

ఇప్పుడు 2009 వానాకాలం సంగతి చెప్పాలి. ఒక కుర్రాడు వచ్చి, "మాస్టారూ, పానా ఒక్కసారి ఇత్తారా, బండి చక్రం ఊడటం లేదు" అన్నాడు. 14, 17 సైజుల రింగు పానా. ఇవ్వాలంటే ప్రాణం ఒప్పలేదు. ఆ ఒప్పకపోవడం చూసి నాకే సిగ్గేసింది. అపరిగ్రహం గురించి పాఠాలు చెప్పేవాణ్ణి, ఇనప ముక్క ఇవ్వలేనా? ఇచ్చేశాను. ఇచ్చినందుకు లోపల కొంచెం పొంగాను కూడా. రెండు రోజులకు తిరిగొచ్చాడు. పానా వంగి ఉంది, దాని మీద రాతి దెబ్బలు. కుడిచేతి మూడు వేళ్లకు కట్టు. నట్టు బిగుసుకుపోతే రాయి పెట్టి కొట్టాడట, జారి వేళ్లు చువ్వల్లోకి వెళ్లాయి. "వంగిపోయింది మాస్టారూ, ఏం అనుకోకండి" అంటూ నిలబడ్డాడు. నేను చూస్తున్నది ఆ కట్టును.

తాత అప్పటికే పోయాడు. ఆయన కొడుకు అరుగు మీద చిరుమాను కర్రతో గొడ్డలికి కొత్త కామ చెక్కుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చుని, ఆ రోజు మీ నాన్న నాకెందుకు ఇవ్వలేదు అని అడిగాను. తల ఎత్తకుండానే అన్నాడు: "గొడ్డలిత్తే కాలు తెగుద్ది మాస్టారూ. మడిసొత్తే కట్టె తెగుద్ది."

పద్దెనిమిదేళ్ల అపార్థం అక్కడ తెగింది. తాత గొడ్డలిని దాచుకోలేదు, నా కాలును కాచాడు. నేను పానా ఇచ్చి త్యాగమనుకున్నాను. ఇనుము ఇచ్చాను, దాన్ని ఎరిగిన చేతిని ఇంట్లో అట్టేపెట్టుకున్నాను. అయిదు కారణాల్లో ఒకదాన్ని విడదీసి కుర్రాడి చేతిలో పెట్టి పంపానన్నమాట.

పాండవులు అజ్ఞాతవాసానికి వెళుతూ పేర్లు వదిలారు, హోదా వదిలారు, వంటవాడిగా, గుర్రాల కాపరిగా బతకడానికి సిద్ధపడ్డారు. ఆయుధాలను మాత్రం జమ్మిచెట్టు మీద భద్రంగా కట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా వేలాడదీశారు. దాన్ని లోభమని ఎవరూ అనలేదు. చెయ్యవలసిన పని మిగిలి ఉంది, ఆయుధాలు ఆ పనివి. మహర్నవమినాడు పానాలకు కుంకుమ పెట్టేటప్పుడు నా మనసులో ఉండే మాట ఇదే. ఇవి నావి కావు, నా పనివి. వీటిని కాపాడటం పనికి నేను పడ్డ ఋణం.

ఈ మాట లోభికీ పనికొస్తుంది, నాకు తెలుసు. అందుకే నవమికి ముందు అన్నీ బయట పరిచి, ఏడాదిలో చెయ్యి పడనిది ఏదైనా ఉంటే, దాన్ని వాడటం వచ్చినవాడి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వస్తాను. ఇప్పుడు గుడ్డలో పదకొండు మిగిలాయి. వంగిన పానా పన్నెండోది, దాన్ని తీసెయ్యలేదు.

ఎవరైనా పానా అడిగితే ఇప్పుడు నేనే వెళతాను. మోకాళ్లు నొప్పి, మా ఆవిడ కోప్పడుతుంది, ఒక్కోసారి అన్నం మధ్యలో లేవాలి. మొన్న జలతరంగిణి జలపాతం దగ్గర వానలో ఒక పిల్లవాడి బండి ఆగిపోయింది. చెయిను వదులైంది, వెనక చక్రం నట్టు తుప్పుపట్టి కదలడం లేదు. నూనె పోసి కాసేపు ఆగాం. రింగు తొడిగాను. పిల్లవాణ్ణి పట్టుకోమని, వాడి చెయ్యి మీద నా చెయ్యి వేసి, లాగమన్నాను, కుదపకు, నిదానంగా లాగు అన్నాను. వాడి వేళ్లు చల్లగా ఉన్నాయి. కాసేపు ఏమీ కాలేదు. తరవాత అరచేతి కింద సన్నగా ఒక కదలిక తెలిసింది. "వచ్చింది మాస్టారూ" అన్నాడు వాడు, నాకంటే ముందే.