పూయని పువ్వుకు బాకీ

మెక్సికోలోని వహాకాలో మెస్కాల్ అనే సారా తాగేవాళ్లు చాలామంది తొలిగుక్కకు ముందు నాలుగు చుక్కలు నేలమీద వదులుతారు. నేలతల్లికి అని కొందరు, పోయిన పెద్దలకు అని కొందరు. మా ఆలేరు దిక్కు దీన్ని సాక పోయడం అంటాం. బోనాలప్పుడు అమ్మవారికి కల్లుసాక పోయనిదే మాకు పండుగ కాదు. కల్లుగీసే గౌండ్ల ఇంట్లో పుట్టినవాణ్ని, ఉద్యోగం మెక్సికోకు తోలితే అక్కడా నా కంట ముందుగా పడినవి ఈ చుక్కలే. వాటిని చూసి మురిసిపోవడం తేలిక. నన్ను మాత్రం ఒక ప్రశ్న వదలడం లేదు. వీటితో బాకీ తీరినట్టేనా?

ఏం బాకీ అంటారా? మెస్కాల్ తీసేది మగేయ్ అనే మొక్క నుంచి. అది మన రైలుకట్టల పక్కన ముళ్లకంచెగా పెరిగే కిత్తనారకు చుట్టం. బతుకు మొత్తంలో ఒక్కసారే పూస్తుంది. ఎక్కువగా సాగుచేసే ఎస్పదీన్‌కు ఏడెనిమిదేళ్లు చాలు. కొండల్లో పెరిగే తోబలాకు పది పదిహేనేళ్లు కావాలి. రాళ్లసందుల్లో పెరిగే తెపెస్తాతేకు పాతికేళ్లు కూడా పట్టొచ్చు. అన్నేళ్లూ కూడబెట్టిన పిండిపదార్థమంతా మొద్దులో దాచుకుంటుంది, ఆ ఒక్క పూల కంబం కోసమే. కంబం లేస్తుంది, పూస్తుంది, గింజ కడుతుంది, మొక్క చస్తుంది. మెస్కాల్ చేసేవాడు ఆ కంబం తల ఎత్తగానే నరికేస్తాడు. పువ్వుకు పోవాల్సిందంతా మొద్దులోనే నిలిచిపోతుంది. మనం తాగేది దాన్నే.

సాంతా కాతరీనా మీనాస్ ఊళ్లో ఇప్పటికీ మట్టికుండల్లోనే కాస్తారు. నేలలో తవ్విన గుంటలో కట్టెలు మండించి రాళ్లు ఎర్రబారాక, మట్టలు చెక్కేసిన మగేయ్ మొద్దుల్ని పేరుస్తారు. పైన పిప్పి, చాపలు, మట్టి కప్పి మూడు నుంచి ఐదు రోజులు వదిలేస్తారు. ఆ దిబ్బ మీద చిన్న కర్రశిలువ గుచ్చి ఉంటే ఎందుకని బట్టీ పెద్దాయన్ని అడిగాను. "లోపలేం జరుగుతోందో కనపడదు కదా, ఎవరో ఒకరు చూస్తూండాలి" అన్నాడు. ఉడికిన మొద్దులోంచి ఒక ముక్క చేతిలో పెట్టాడు. నమిలితే కాల్చిన తేగ లాగే ఉంది, అదే పీచు, అదే పొగ, తీపి మాత్రం ఎక్కువ. తర్వాత కర్ర రోకళ్లతో దంచి, చెక్క తొట్లలో నీళ్లుపోసి ఉంచితే గాలిలోని ఈస్టే పులియబెడుతుంది. కుండల్లో రెండుసార్లు కాస్తారు. చివర్లో బోలుకాడతో కాస్త పీల్చి బుర్రలోకి ధార వదిలి, బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూసి ఘాటు చెబుతాడు ఆ పెద్దాయన.

పొగే మెస్కాల్ రుచి అనేవాళ్లతో నాకు పేచీ. పొగ గుంట ఇచ్చింది. దాని కింద తడిమట్టి వాసన ఉంది, అది కుండ ఇచ్చింది. ఇంకా కిందికి పోతే తెపెస్తాతేలో కోసిన పచ్చిమిర్చి వాసన, తోబలాలో పండిన పండు వాసన. ఇవి మొక్కవి. మెక్సికో 2016 ప్రమాణం గుంటకూ తొట్టికీ కుండకూ పట్టింపు పెట్టి 'ఆర్తెసనాల్', 'ఆన్సెస్త్రాల్' అని తరగతులు చేసింది. మంచిదే. కానీ మొక్క ఇచ్చిన వాటా ఏ మనిషి నేర్పూ ఇవ్వలేనిది.

నాహువా ప్రజల పురాణంలో మాయవెల్ అనే దేవతను సొంత అవ్వే ముక్కలు చేస్తే, కెత్సల్‌కోవాత్ల్ అనే దేవుడు ఆ ఎముకల్ని పాతిపెట్టాడట. అక్కడ మగేయ్ మొలిచింది. ఆ మొక్కను కొట్టడం ఒక ఒంటిని కొట్టడమేనని వాళ్లకు ముందునుంచీ తెలుసన్నమాట.

"ఎలాగూ పూసి చచ్చేదే కదా, కాస్త ముందు నరికితే ఏం పోయింది?" అంటారు. పోయేది గింజ. ఎస్పదీన్‌కు పక్కన పిలకలొస్తాయి, నాటుకోవచ్చు. తోబలాకు గింజే దిక్కు. దాన్ని పూయకముందే నరికితే చావు కాదు, నిర్వంశం. ఈ తేడా తెలియని ధర్మశాస్త్రం నాకక్కర్లేదు.

మా పక్కనే కొలనుపాక జైనమందిరం ఉంది. నిష్ఠ గల జైనులు దుంపలు ముట్టరు, పీకితే మొక్క మొత్తం పోతుందని. మద్యం సరేసరి. వాళ్ల కొలత నిక్కచ్చిది. కానీ అది వదులుకునేవాడికి పనికొస్తుంది. నేను తాగేవాణ్ని, నాకు తీసుకునేవాడి ధర్మం కావాలి.

అది మా తాత దగ్గర కొంత ఉండేది. తాటికల్లు కూడా పువ్వు సొమ్మే. గెల చెక్కి, కాయకు పోవాల్సిన రసాన్ని లొట్టిలోకి దించుతాం. అయితే తాటిచెట్టు చావదు, మళ్లీ గెల వేస్తుంది. ఈతచెట్టుకు గాయం ఎక్కువ. "ఓ ఏడు గీస్తే ఓ ఏడు ఇడుపియ్యాలె బిడ్డా" అనేవాడు. మా గౌండ్ల దేవుడు కాటమయ్యకు మొక్కనిదే మోకు ఎత్తేవాడు కాదు. అయినా మొక్కాను కదా అని ఇడుపు ఎగ్గొట్టలేదు.

గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు తీసుకుని తిరిగివ్వనివాణ్ని దొంగల్లో కలిపేస్తాడు. తిరిగివ్వడమంటే నైవేద్యమని మనం సరిపెట్టుకున్నాం. కానీ అక్కడ చెప్పింది చక్రం గురించి. ఇచ్చింది వచ్చినచోటికి చేరితేనే అది తిరుగుతుంది. మగేయ్ విషయంలో ఆ చోటు గుడి కాదు, పొడుగుముక్కు గబ్బిలం. రాత్రిపూట మగేయ్ పూలలో తేనె తాగి పుప్పొడి మోసేది అదే. పిలకలతో వేసిన తోటంతా ఒకే అచ్చు, తెగులొస్తే అన్నిటికీ వస్తుంది. అందుకే మెక్సికో శాస్త్రవేత్త రోడ్రిగో మెదెయిన్ వాళ్లు తోటలో నూటికి ఐదు మొక్కల్ని పూయనివ్వమని రైతుల్ని అడుగుతున్నారు. ఆ గబ్బిలాల్లో ఒక జాతి 2018లో అమెరికా ప్రమాదజాబితా నుంచి బయటపడింది కూడా.

నా తీర్పు ఇది: నూటికి ఐదు వదిలినవాడు చుక్క పోయకపోయినా బాకీ తీర్చినట్టే. ఒక్కటీ వదలనివాడు సీసా అంతా నేలమీద కుమ్మరించినా తీరదు. మెస్కాల్ కొనేవాళ్లకు ఒక మనవి. సీసా మీద మొక్క పేరూ ఊరి పేరూ ఉన్నాయేమో చూడండి. తోబలా అయితే గింజ నుంచి పెంచిందా, కొండమీంచి కొట్టుకొచ్చిందా అని అడగండి. జవాబు రాకపోతే ఆ సీసా అక్కడే పెట్టేయండి.