తులసికి పురుగు పడితే: వేపనూనె, పాపం, ఒక అస్త్రం కథ



పూజ కోసం బాల్కనీలో నాలుగు మొక్కలు పెంచుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఇబ్బంది ఏదో ఒక రోజు వస్తుంది. అమ్మవారికి పెట్టాల్సిన మందారం మొగ్గల చుట్టూ తెల్లగా దూదిలా పిండినల్లి. తులసి ఆకుల అడుగున చిన్న చిన్న నల్లులు. దేవుడి కోసం పెంచిన మొక్కని కాపాడాలంటే వందల ప్రాణాలు తీయాలి. మరి అది పూజ ఎలా అవుతుంది?

దీనికి మన ఇళ్లలో రెండు జవాబులు రెడీగా ఉంటాయి. ఒకటి, "పురుగులే కదా, మందు కొట్టెయ్". రెండోది, "కెమికల్స్ వద్దు, వేపనూనె కొట్టు. అది నేచురల్, పాపం రాదు". మొదటి జవాబులో తేడా ఉందని చాలామందికి తెలుసు. నాకు ఎక్కువ అనుమానం రెండోదాని మీదే.

వేపనూనె ఏం చేస్తుందో చూద్దాం. అందులోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుకి తిండి సహించకుండా చేస్తుంది. ఎదిగే క్రమంలో పాత చర్మం విడవనివ్వదు. ఎదగలేక పురుగు మెల్లగా చచ్చిపోతుంది. సబ్బునీళ్లు పిండినల్లి ఒంటి మీది మైనపు పూతని పాడు చేస్తాయి, అది ఎండిపోతుంది. అంటే ఇక్కడ కూడా ప్రాణం పోతోంది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి అహింస అనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఈ విషయంలో మనకంటే నిజాయితీగా ఉన్నారు. వాళ్ల కషాయాల పేర్లు నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం. అస్త్రం అంటే అస్త్రమే, దాపరికం లేదు.

మన పెద్దలు కూడా దీన్ని దాచలేదు. ధర్మశాస్త్రాల్లో "పంచసూనలు" అని ఒక మాట ఉంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ. గృహస్థు ఇంట్లో రోజూ తెలియకుండానే ప్రాణాలు పోయే ఐదు చోట్లు ఇవి. వంట మానేయమని వాళ్లు చెప్పలేదు. రోజూ పంచమహాయజ్ఞాలు చేయమన్నారు. వాటిలో ఒకటి భూతయజ్ఞం, అంటే మన తిండిలో మిగతా ప్రాణులకి వాటా తీయడం. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పేదీ ఇలాంటిదే. నాగలితో దున్నినా నేలలో ఎన్నో జీవులు చస్తాయి, హింస అసలే లేని బతుకు ఎవరికీ లేదు, దాన్ని తగ్గించుకునే ప్రయత్నమే మనిషి చేతిలో ఉంది అంటాడు.

అలాగైతే కెమికల్‌కీ వేపనూనెకీ తేడా లేదా? ఉంది. అది నాకు అశ్వత్థామ కథలో అర్థమైంది. యుద్ధం చివర అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలారు. వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకి చేతకాలేదు. చివరికి దాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని, ఇంకా పుట్టని బిడ్డ మీదికి. వదలడం ఇద్దరికీ వచ్చు, ఉపసంహారం ఒక్కడికే వచ్చు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా ప్రొడక్షన్‌లోకి కోడ్ వదలడం.

రసం పీల్చే పురుగులకి వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలో కలిసిపోతాయి. పువ్వులోని పుప్పొడికి, తేనెకి కూడా చేరతాయి. ఆకు కడిగితే పోవు. మనం గురిపెట్టింది నల్లికి, తగిలేది పువ్వు మీద వాలిన తేనెటీగకి. అందుకే యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పొలాల్లో దాని వాడకాన్ని నిషేధించింది. మరి అదే మందు తులసికి కొడితే? ఆ దళాలే రేపు తీర్థంలో పడతాయి, మన నోట్లోకి వస్తాయి. వేపనూనె అలా కాదు. ఎండకి కొద్ది రోజుల్లోనే దాని బలం పోతుంది. వెనక్కి తీసుకోగలిగిన అస్త్రం అంటే నా లెక్కలో అది.

అయినా అస్త్రం చివర్లోనే తీయాలి. ముందు సామ, దాన, భేదాలు ఉన్నాయి కదా.

సామం: నత్రజని ఎరువు అతిగా వేస్తే మొక్క లేత చిగుళ్లు తొడుగుతుంది, పేనుబంకకి అదే విందు. ఎరువు తగ్గించి, కుండీల మధ్య గాలి ఆడనిస్తే సగం గొడవ రాదు.

దానం: మియాపూర్‌లో మా ఐదో అంతస్తు బాల్కనీలో రెండు కరివేపాకు కుండీలున్నాయి. ఒకదాన్ని సీతాకోకచిలుకలకి వదిలేశాం. మొదట పిట్ట రెట్టలా కనిపించే గొంగళిపురుగులు తర్వాత ఆకుపచ్చగా మారి, ఆకులన్నీ ఊడ్చేస్తాయి. నేను కాస్త చిరాకుపడితే అమ్మ, "తిననీరా, మనకి మార్కెట్లో కట్ట దొరుకుతుంది, దానికి దొరకదు" అంటుంది. భూతయజ్ఞానికి ఇంతకంటే మంచి వివరణ నేనెక్కడా వినలేదు.

భేదం: పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. కుండీ కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టి, కొమ్మలు గోడకి తగలకుండా చూస్తే చీమలు ఎక్కలేవు. అప్పుడు అక్షింతల పురుగులు వచ్చి తమ పని చేసుకుంటాయి.

దండం: ముందు నీళ్ల ధార, పాత టూత్‌బ్రష్. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్. అదీ సాయంత్రం, తేనెటీగలు వెళ్లిపోయాక, పురుగు ఉన్నచోట మాత్రమే.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఈ లెక్క పట్టుకుని రైతుకి నీతులు చెప్పకూడదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000ల మొదట్లోనే ఊరంతా కలిసి పురుగుమందులు మానేసి చూపించారు, నిజమే. కానీ 2021లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ముంచేసినప్పుడు రైతు ముందున్నది అప్పు, పిల్లల ఫీజు. నాకు పోయేది నాలుగు మందారాలు. పణంగా పెట్టేది తక్కువ ఉన్నవాడికే అహింసలో బాధ్యత ఎక్కువ. ఆ బాధ్యత బాల్కనీ ఉన్న మనది.

రేపు పొద్దున తులసికి నీళ్లు పోసేటప్పుడు ఆకులు తిప్పి చూడండి. పురుగు కనిపిస్తే కంగారుగా స్ప్రే తీయకండి. దానికెంత ఇవ్వగలరు, ఎక్కడ ఆపాలి అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఒక్క నిమిషాన్నీ నేను పూజలో భాగమనే అనుకుంటాను.

శుభం.