'కనిపించలేదు' అనడం కూడా సాక్ష్యమే

దివ్యఖుర్ఆన్‌లోని 'అన్ నమ్ల్' సూరాలో (27:20-27) హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) పక్షులను పరిశీలించిన సంఘటన ఉంది. ఆయనకు హుద్‌హుద్ పిట్ట కానరాలేదు. అంతటి చక్రవర్తి, పైగా దైవప్రవక్త అయి ఉండి కూడా అది లేదని ఆయన వెంటనే తేల్చెయ్యలేదు. లోపం తన చూపులో ఉందా, లేక అది నిజంగానే గైరుహాజరయిందా అని రెండు విధాలుగానూ ఆలోచించారు. కొంతసేపటికి హుద్‌హుద్ సబా దేశపు వార్త తీసుకువచ్చింది. ఆ వార్తను ఆయన గుడ్డిగా నమ్మలేదు, తోసిపుచ్చనూ లేదు. అందులో నిజమెంతో విచారిస్తామన్నారు. 'ఉంది' అనడానికైనా, 'లేదు' అనడానికైనా విచారణ అవసరమన్న పాఠం ఇందులో ఉంది.

సాధారణంగా పుకార్ల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఈ పాఠాన్ని గుర్తుచేసుకుంటాం. కాని దీన్ని ప్రతిరోజూ ఆచరించవలసిన వృత్తి ఒకటుంది. జనావాసాలకు దూరంగా, అభయారణ్యాల్లో నెలల తరబడి ఉండి, ఏ ప్రాణి ఎక్కడ బతుకుతోంది, ఏది తగ్గిపోతోంది అని నమోదు చేసే వన్యప్రాణి శాస్త్రజ్ఞుల వృత్తి అది. మన ఇంట్లో అబ్బాయో, అమ్మాయో ఈ చదువు చదువుతానంటే పెద్దలు కలవరపడతారు. "పిట్టల్ని లెక్కపెడితే దీన్‌కేం లాభం, దునియాకేం లాభం?" అని అడుగుతారు. అది అడగదగిన ప్రశ్నే. దాని జవాబుకు దూరదేశాలు పోనక్కరలేదు, కడప జిల్లా చాలు.

కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. ముళ్లపొదలు, వాటి నడుమ ఖాళీ నేల ఉన్నచోట బతుకుతుంది. థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దీన్ని గురించి శాస్త్రలోకానికి తెలిపాడు. 1900 తరువాత ఇది శాస్త్రజ్ఞులెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే చాలామంది భావించారు. 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అన్వేషణలో, స్థానికుడైన ఒక వేటగాడి చేతికి ఇది సజీవంగా చిక్కింది. పట్టుబడిన ఆ పక్షి బతకలేదు. కాని 86 ఏళ్లుగా 'లేదు' అనుకున్న జాతి ఉందని తేలింది. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

మన ధర్మశాస్త్ర పండితుల దగ్గర ఒక సూత్రం ఉంది: దొరకకపోవడం, లేకపోవడానికి రుజువు కాదు. 'హిదాయా' గ్రంథంలోని హదీసుల మూలాలను వెతికిన హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మతుల్లాహి అలైహ్) కొన్నిచోట్ల తనకు దొరకలేదని మాత్రమే రాశారు. అలా ముందువారికి దొరకని వాటిలో కొన్నింటిని ఖాసిమ్ బిన్ ఖుత్లూబుగా (రహ్మతుల్లాహి అలైహ్) తరువాత వెతికి చూపారు. ముందువారు తమకు తెలిసినంత వరకే చెప్పారు కనుకనే తరువాతివారికి దారి తెరిచి ఉంది.

కలివికోడిని వెతికేవారి పని కూడా ఇలాంటిదే. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వాటిమీద పడిన అడుగుజాడలు చూస్తారు. ఆ జాడ తీతువుదా, కలివికోడిదా అని కొలిచి పోలుస్తారు. వాటంతట అవే ఫొటోలు తీసే కెమెరాలు అమర్చుతారు. చీకటి పడే వేళ కూత కోసం చెవియొగ్గి నిలబడతారు. ఎక్కువ రోజులు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదన్న సంగతిని కూడా తేదీతో, స్థలంతో, ఎంతసేపు వెతికిందీ చూపి రాయాలి.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఒంట్లో బాగాలేని రోజున గుడిసెలోనే పడుకుని 'వెతికాను, కనిపించలేదు' అని రాస్తే అడిగేవాడెవడు? ఆ అడవిలో పై అధికారి ఉండడు. ఇహ్‌సాన్ అంటే అల్లాహ్‌ను చూస్తున్నట్టుగా ఆరాధించడమనీ, మనం చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడనీ మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. నమాజులో నేర్చుకున్న ఈ భావన నమాజు బయట నిలిచిందా లేదా అన్నది ఇలాంటి ఒంటరి చోటే తెలుస్తుంది. తెలియనిదాని వెంట పడవద్దనీ, చెవి, కన్ను, మనసు అన్నీ విచారణకు గురవుతాయనీ ఖుర్ఆన్ హెచ్చరించింది (17:36). వినడం, చూడడం, నిర్ధారించడం అనే ఈ మూడే కదా ఆ శాస్త్రజ్ఞుని పనిముట్లు!

ఆ నమోదు మీద ఏమి ఆధారపడి ఉంటుందో 2005లో తెలిసింది. తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి నివసించే పొదల భూమిలోకి వచ్చింది. పరిశోధకులు అభ్యంతరం తెలిపాక పనులు ఆగాయి, తరువాత కాలువ మార్గం మార్చారు. తెలుగుగంగ మామూలు కాలువ కాదు. రాయలసీమ పొలాలకు సాగునీరు, చెన్నై నగరానికి తాగునీరు మోసుకుపోయే కృష్ణా కాలువ. ఒకవైపు కరవుసీమ రైతు హక్కు, మరోవైపు నోరులేని ప్రాణి హక్కు. అలాంటిచోట నిర్లక్ష్యంగా 'లేదు' అని రాస్తే ఒక జాతి గూడు శాశ్వతంగా పోవచ్చు. చూడకుండానే 'ఉంది' అని రాస్తే రైతుకు అందవలసిన నీరు అన్యాయంగా ఆగిపోవచ్చు.

"అడవిని కాపాడే మంచి ఉద్దేశంతో ఒక్క అబద్ధం చెబితే తప్పేమిటి?" అని కొందరు అనవచ్చు. ప్రజల్ని ఖుర్ఆన్ వైపు మళ్లించాలనే ఉద్దేశంతోనే సూరాల ఘనతపై హదీసులు కల్పించినవారు మన చరిత్రలో ఉన్నారు. హదీసువేత్తలు వారి ఉద్దేశాన్ని చూసి క్షమించలేదు. వారి పేర్లను అసత్యవాదుల జాబితాలోనే చేర్చారు. సాక్షి వేరు, న్యాయమూర్తి వేరు. కాలువ ఎటు పోవాలో తూచి తేల్చడం తీర్పరి బాధ్యత. చూసింది చూసినట్టు చెప్పడం సాక్షి బాధ్యత. తనకు నచ్చిన తీర్పు కోసం సాక్ష్యాన్ని వంచేవాడు ఇద్దరికీ ద్రోహం చేస్తాడు. న్యాయం మనకే వ్యతిరేకంగా వెళ్లినా సరే దానిపైనే నిలబడాలన్నది ఖుర్ఆన్ ఆదేశం (4:135).

ఇక, మనిషికి ఉపయోగపడని పిట్టకు హక్కేమిటన్న ప్రశ్న. రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని అల్లాహ్ తెలిపాడు (6:38). వాటి విలువ మన ఉపయోగంతో మొదలు కాలేదు. ఒక ప్రయాణంలో సహాబాలు పక్షిపిల్లల్ని పట్టుకుంటే తల్లిపక్షి తల్లడిల్లింది. దాన్ని చూసి ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పిల్లల్ని తల్లికి తిరిగి ఇచ్చేయమన్నారని అబూదావూద్ హదీసులో ఉంది. ఆ పక్షి ఏ పనికి వస్తుందని ఆయన అడగలేదు.

కనుక తల్లిదండ్రులారా! మీ పిల్లలు ఈ వృత్తిలోకి వెళితే అది వృథా అనుకోకండి. అయితే వారికి కొన్ని మాటలు చెప్పి పంపండి. అమ్మానాన్నల బాగోగులు కనుక్కోవడానికి అడవి అడ్డుకాదు. ఊరూ జమాఅతూ లేని అరణ్యంలో జుమా విధి కాదు, జుహర్ నమాజు చేసుకోవాలి. జనంలోకి వచ్చినప్పుడు మాత్రం జుమాను వదలకూడదు. ఒంటరిగా ఉన్నా అజాన్ మానకూడదు. నిర్జన ప్రదేశంలో గొంతెత్తి అజాన్ ఇచ్చేవాని స్వరం ఎంత దూరం వినిపిస్తే అంత దూరం, దాన్ని విన్న ప్రతిదీ ప్రళయదినాన అతని పక్షాన సాక్ష్యమిస్తుందని బుఖారీలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించారు.

ఇక్కడ మనం వాటి గురించి సాక్ష్యం రాస్తున్నాం. అక్కడ అవి మన గురించి సాక్ష్యం చెబుతాయి. చూసినదాన్నీ, చూడనిదాన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.