వసారాలోని మంచము



ముసురు పట్టిన దినమున మీ యింటి పెద్దవారు ఏమి చేయుచున్నారో ఎప్పుడైనను నిదానించి చూచితిరా? మనకు వాన దినము సెలవు దినము. పొలమునకు పోనక్కరలేదు, కూలికి పిలుచువారుండరు. నాలుగు శనగలు వేయించుకొని తిని దుప్పటి కప్పుకొందుము. వృద్ధునకు అట్లు కాదు. తక్కిన దినములలో అతడు చేతికఱ్ఱ పట్టుకొని రావిచెట్టు క్రిందికో, టీ కొట్టు బల్ల దగ్గరకో వెళ్లి, తన యీడువారితో నాలుగు మాటలు చెప్పుకొని వచ్చును. వాన వచ్చిన దినమున ఆ నాలుగు మాటలు కూడ లేవు.

అతనికి తెల్లవారకముందే మెలకువ వచ్చును. మోకాళ్లు రాత్రియే వాన సంగతి చెప్పియుండును. దొడ్డివైపు వెళ్లవలెనన్న బురద, జారిపడుదునేమోయను భయము. ఆ భయముచేత కొందరు పెద్దలు ముసురు దినములలో మధ్యాహ్నము మొదలుకొని మంచినీళ్లు త్రాగుటయే మానుకొందురు. ఈ సంగతి మీకు తెలిసియుండకపోవచ్చును, వారు చెప్పరు. టీ వచ్చినప్పుడే త్రాగవలెను, అడుగుటకు మనస్సొప్పదు. ఇంటి కప్పు రేకులదైనయెడల ఆ చప్పుడులో, చెవి మందగించినవానికి ఏ మాటయు వినబడదు. మనము లోపలనుండి ఒకసారి పిలిచి, పలుకలేదని విసుగుకొందుము. అతడు మనము పిలువనే లేదనుకొని గోడవైపు తిరిగి పడుకొనును. ఒకే యింటిలో ఇద్దరును ఇట్లు నొచ్చుకొందురు, ఎవరి తప్పును లేకుండనే.

అయితే తప్పు నిజముగా ఉన్న యింటిని గూర్చి ఈ నెల మీతో మాటలాడవలెనని యున్నది.

ఒక అక్టోబరు నెలలో వాయుగుండము పట్టి మూడు దినములు ఎడతెగక వాన కురిసినది. మా సంఘములోని ఒక కుటుంబమువారు వరుసగా రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. గొడుగు వేసికొని వారి యింటికి వెళ్లితిని. ఊరి పేరు వ్రాయను. ఈ సంగతి వ్రాయుటకు ఆ యింటి కుమారుని సెలవు అడుగగా అతడు ఆ ఒక్క మాటయే కోరెను.

వసారాలో నులకమంచముమీద అతని తండ్రి ముడుచుకొని యుండెను. ఏబది కాదు, అరువది కాదు, డెబ్బది దాటిన మనిషి. వాన జల్లు మంచము కాళ్లవైపు కొట్టుచుండెను గనుక, ఆయన తలవైపునకు జరిగి, మోకాళ్లు గడ్డమునకు ఆనించుకొని, పాదములమీద గోనెపట్టా కప్పుకొనియుండెను. ప్రక్కన స్టీలు గ్లాసులో సగము త్రాగిన టీ చల్లారిపోయి యున్నది.

“వందనాలండి అయ్యగారూ. లోపలికెళ్ళండి, ఇక్కడ జల్లు కొడతాది” అనెను.

“మరి మీరిక్కడ ఎందుకున్నారు, పెద్దాయనా?” అంటిని.

“ఇంటికి బరువైపోయానండి. బరువు బయటే ఉండాలి గదా” అని నవ్వెను. పండ్లు లేని నవ్వు.

నాకు కోపము వచ్చినది. దాచనేల? వాకిలి దాటులోపలనే నా ప్రసంగము సిద్ధమైపోయినది. అయిదవ ఆజ్ఞ, ఆపైన తన యింటివారిని సంరక్షింపనివానిని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలోని అయిదవ అధ్యాయము. కుమారుడు లోపల గోనెసంచులకు మాసికలు వేయుచుండెను. నేను చెప్పవలసినదంతయు చెప్పితిని. అతడు సూది ఆపి తుదవరకు వినెను. పిమ్మట గొంతు పెంచకుండ ఇట్లనెను:

“అయ్యగారూ, మా అమ్మ చనిపోయిన రాత్రి కూడా ఇట్లాగే వాన. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికని దాచిన డబ్బు ఆయన పట్టుకెళ్ళి తాగాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పొలం అంతకు ముందే పోయింది. ఇప్పుడు మూడు పూటలా అన్నం పెడుతున్నాను. మందులు కొంటున్నాను. పింఛను డబ్బు ముట్టుకోను, ఆయన చేతికే ఇస్తున్నాను. ఇంకేం చెయ్యాలో మీరే చెప్పండి.”

నాకు మాట రాలేదు. తుదకు, “ఆ పెద్దాయన కూడా దెబ్బతిన్న మనిషే కదా, నాయనా” అంటిని. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమున దివిసీమను ముంచిన ఉప్పెనను మన కృష్ణా తీరమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేలకొలది జనులు ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయిరి. ఈయన మొదటి బిడ్డ, మూడేండ్ల ఆడపిల్ల, తండ్రి చేతిలోనుండియే పోయినది. త్రాగుడు ఆ తరువాత పట్టుకొన్నది. ఊరిలో పెద్దలందరు ఆ మాట చెప్పుదురు. నేనును అదే చెప్పితిని.

“ఉప్పెనలో బిడ్డలు పోయినవాళ్ళు దివిసీమంతా ఉన్నారండి. అందరూ తాగలేదు కదా” అనెను కుమారుడు.

చదువరీ, దీనికి మీరేమి ప్రత్యుత్తరమిత్తురు? నేను ఇంటికి వచ్చి చాల దినములు ఆలోచించితిని. అతడు చెప్పినది నిజము. దుఃఖము త్రాగుడుకు కారణము కావచ్చును గాని, దానిని నిర్దోషమైన దానిగా చేయనేరదు. ఇట్టి తండ్రిని సన్మానించుట యనగా నేమి? జరిగినది జరుగలేదని నటించుటయా? లేని ప్రేమను ఉన్నట్లు చూపుటయా?

ప్రభుత్వ చట్టమును అడిగినయెడల జవాబు సులభము. తల్లిదండ్రుల పోషణను గూర్చి 2007వ సంవత్సరములో మన దేశమున ఒక చట్టము వచ్చినది. పోషింపని బిడ్డలమీద పెద్దవారు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము నెలకు 10,000 రూపాయలకు మించకుండ పోషణ ఇప్పించుటకు అధికారమిచ్చినది. అది మంచి చట్టము. అన్నము పెట్టని కొడుకులున్న మన పల్లెలలో దానిని గూర్చి తెలిసినవారు బహు కొద్దిమంది. మీకు తెలిసినయెడల పొరుగువారికి చెప్పుడి. 2024వ సంవత్సరము జూలై మొదలుకొని ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను కూడ నెలకు 4,000 రూపాయలైనది, ఇంటికే తెచ్చి ఇచ్చుచున్నారు. కాబట్టి అన్నమును, మందులును చూచుకొన్నచో ఈ కుమారునిమీద చట్టమునకు ఏ ఫిర్యాదును లేదు. ఊరికిని లేదు. అయినను జల్లు ఆ మంచముమీద పడుచునే యున్నది.

మన ప్రభువు ఈ ఆజ్ఞను గూర్చి మాటలాడినప్పుడు మొదట అన్నము మాటయే యెత్తెను. మార్కు సువార్త ఏడవ అధ్యాయములో, తల్లిదండ్రులకు చెందవలసిన దానిని కొర్బాను అని దేవునిపేర ప్రత్యేకించి చేతులు దులుపుకొన్నవారిని ఆయన గద్దించెను. సన్మానమనగా కేవలము మనస్సులోని భావము కాదు, చేతితో పెట్టునది అని దీనివలన తేటపడుచున్నది. ఈ మాట నాకు తగిలిన సంగతి ఒకటి చెప్పవలెను. మా తల్లి తన చివరి సంవత్సరములలో, వాన పడినప్పుడెల్ల నన్ను తన ప్రక్కను కూర్చుండుమని పిలిచెడిది. “ప్రసంగము వ్రాసుకొనుచున్నానమ్మా” అని నేను గదిలోనుండియే చెప్పెడివాడను. ప్రసంగమే నాకు కొర్బాను అయినది. ఆ ప్రసంగములలో ఒక్కటైనను ఇప్పుడు నాకు జ్ఞాపకములేదు. అట్టి నేను, మంచి తల్లి కడుపున పుట్టినవాడను, ఆ కుమారునికి బోధ చేయ బయలుదేరితిని!

సెమినరీలో హెబ్రీ భాష చెప్పిన మా ఉపాధ్యాయుడు, అయిదవ ఆజ్ఞలో సన్మానమునకు వాడబడిన మాటకు మూలార్థము బరువు అని చెప్పెను. సన్మానించుట యనగా ఆ మనిషిని బరువుగలవానిగా ఎంచుటయే. అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే చేతులు బరువెక్కెనని చెప్పినచోటను అదే ధాతువు. అప్పటికి మోషే ఎనుబది యేండ్ల వృద్ధుడు. అహరోనును హూరును ఏమి చేసిరి? ఈ ముసలివాని చేతులు బరువైనవని విడిచిపెట్టలేదు. రాయి వేసి కూర్చుండబెట్టి, చెరియొక ప్రక్కను ఆ చేతులను ఆదుకొనిరి. “ఇంటికి బరువైపోయాను” అని వసారాలోని పెద్దాయన అన్నప్పుడు, తాను ఎంత పెద్ద మాట పలికెనో ఆయనకు తెలియదు. మన తెలుగులో బరువు అనగా దించుకొనవలసినది. ఆజ్ఞలో బరువు అనగా తేలికగా చూడకూడనిది.

సరే, మోషే మంచివాడు. త్రాగి ఇల్లు గుల్లచేసినవాని మాట ఏమి?

లేఖనములలో అట్టి తండ్రియు ఒకడున్నాడు, అతడు వానలలోకెల్ల గొప్ప వానను చూచినవాడు. ఆదికాండము తొమ్మిదవ అధ్యాయమును మరల చదువుడి. నోవహు జలప్రళయమును దాటివచ్చెను. లోకమంతయు మునుగుట చూచి బ్రదికెను. తరువాత ద్రాక్షతోట వేసి, త్రాగి, తన గుడారములో బట్టలు లేక పడియుండెను. ఉప్పెన చూచినవారు త్రాగుట ఇప్పుడు పుట్టినది కాదు. చిన్న కుమారుడైన హాము చూచి, బయటనున్న సహోదరులకు చెప్పెను. అతడు అబద్ధమాడలేదు. ఉన్నది ఉన్నట్లే చెప్పెను. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర జరుగునదియు ఇదియే. నిజమే చెప్పుకొందుము గాని, కప్పుటకు ఎవరును లేవరు.

షేమును యాపెతును తండ్రి త్రాగలేదని సాక్ష్యము పలుకలేదు. ఆయన చేసినది మంచిదనియు అనలేదు. ఒక వస్త్రము తీసికొని, ఇద్దరి భుజములమీద వేసికొని, వెనుకకు నడచి వెళ్లి కప్పిరి. వారి ముఖములు అటువైపు తిరిగియుండెను. నేను ఈ కథను ముప్పది సంవత్సరములుగా ప్రసంగించితిని గాని, ఆ వెనుక నడకను గూర్చి ఎన్నడును ఆలోచింపలేదు. తండ్రి ముఖము చూడలేని కుమారుడు కూడ తండ్రిని కప్పవచ్చును. గాయపడినవాని మనస్సులో ప్రేమ పుట్టువరకు దేవుని ఆజ్ఞ కాచుకొని యుండదు. అట్లని ఆ గాయము లేనట్లు నటింపుమనియు అడుగదు. ముఖము అటువైపున్నను అడుగు ఇటువైపు పడిన చాలును. ఆ అడుగు ఎంత కష్టమో వెనుకకు నడచి చూచినవానికే తెలియును. తండ్రిచేత దెబ్బలు తినని మనము వారిని తొందరపెట్టకుందుము గాక.

ఇదంతయు ఆ దినమున నాకు తోచియుండినయెడల ఆ కుమారునితో చెప్పియుందును. తోచలేదు. నేను మరల వసారాలోనికి వచ్చి, ఆ పెద్దాయన మంచముమీదనే, జల్లు పడుచున్న వైపున కూర్చుంటిని. నా పంచె తడిసినది. లోపలి మాటలు వానచప్పుడులో ఆయనకు వినబడలేదు గాని, ఏమి మాటలాడితిమో ఎరుగును. చాలసేపటికి ఆయన చెవిలో గట్టిగా అడిగితిని: “పెద్దాయనా, వాడితో ఎప్పుడైనా ఒక్క మాట అన్నారా? తప్పయిపోయిందని?”

“అందామనే ఉంటదండి. వాన రోజున నా మాట వాడికి వినబడదు. ఎండ రోజున నాకు నోరు రాదు.”

వృద్ధులైన చదువరులారా, ఈ పత్రికను మనుమల చేత చదివించుకొని వినుచున్నవారలారా, మీతో ఒక మాట. సన్మానము పొందుట మీకు చెందిన హక్కే. అయితే మీ బిడ్డల యెడల మీరు చేసిన అన్యాయము ఏదైన నున్నయెడల, ముసలితనము దానిని కొట్టివేయదు. తల నెరసినంత మాత్రమున అప్పు తీరదు. మన బలము ఉడిగినది, పని చేయలేము, గుడికి నడువలేము. నోరు మాత్రము ఇంకను మిగిలియున్నది. క్షమించుమని అడుగుట ఒక పెద్ద పని. అది మంచముమీద ఉండియే చేయగల పని. బిడ్డ క్షమించునో లేదో అది అతనికిని దేవునికిని విడిచిపెట్టుడి.

నవంబరు నెలలో మరల ముసురు పట్టినది. నేను ఆ వీధిని వెళ్లుచు చూచితిని. వసారా చూరునకు నీలిరంగు టార్పాలిన్ పట్టా ఒకటి కట్టియున్నది. మంచము గోడవైపునకు ఒక మూర జరిగినది. కుమారుడు చేనిలో నీరు తీయుటకు పోయెనట. పెద్దాయన కాళ్లు చాపుకొని పడుకొనియుండెను. “ఎవరు కట్టారు?” అంటిని.

“వాడేనండి. నిన్న సాయంత్రం.”

“ఏమైనా మాట్లాడుకున్నారా?”

ఆయన కొంతసేపు పట్టావైపు చూచెను.

“లేదండి. వాడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఒక్కడికీ చేతకాలేదు గదా, గాలికి ఎగిరిపోతా ఉంది. తాడు ఆ చివర నన్ను పట్టుకోమన్నాడు.”