పరాయి ఊరు ఎప్పుడు మనదవుతుంది?

మీది ఏ ఊరని అడిగితే చెప్పడానికి మాకు క్షణం పట్టదు. చెప్పాక వచ్చే రెండో ప్రశ్న దగ్గరే మేము ఆగిపోతాం. "అది కాదు, అసలు ఎక్కడి నుంచి వచ్చారు?" తాతముత్తాతల సమాధులు ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడుతూ పెరిగాం. అయినా అద్దె ఇంటి ముందు నిలబడి పేరు చెప్పగానే తలుపు మూసుకోవడం మాకు కొత్త కాదు. ఇంతకీ ఒక ఊరు మనది కావడం దేనివల్ల? పుట్టుక వల్లనా? ఎన్ని తరాలుగా ఉన్నామనే లెక్క వల్లనా?

పుట్టుక ఊసే లేని చోట ఈ ప్రశ్నను పెట్టి చూద్దాం. చదువు కోసం పరాయి దేశం పోయినవాడికి అక్కడి ఊరి మీద ఏ హక్కూ ఉండదు. అయినా కొన్నాళ్లకు ఆ ఊరు దగ్గరవుతుంది. ఎలా?

1897లో హైదరాబాద్‌లో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ 1922లో చదువు కోసం జర్మనీ వెళ్లారు. అప్పటి బెర్లిన్ యుద్ధంలో ఓడిన దేశపు రాజధాని. 1923 నవంబరులో ఒక్క డాలరు విలువ 4 లక్షల కోట్ల మార్కులు దాటింది. రొట్టె కోసం నోట్ల కట్టలు మోసుకెళ్తున్న జనానికి పరాయివాడి మీద కోపం రావడానికి కారణాలు తక్కువేం కాదు. అయినా ఆయన అక్కడే ఉండి 1926లో డాక్టరేటు పట్టా తీసుకున్నారు. ఆబిద్ హుసేన్, మహమ్మద్ ముజీబ్ లాంటి దోస్తులు అక్కడ తోడయ్యారు. బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్‌లో 1925లో గాలిబ్ దీవాన్‌ను అచ్చు వేయించారు. అక్షరాలు కూర్చే పనిలో తానూ చేయి వేశారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

మాకు ముఖ్యమనిపించేది ఇదే. ఊరికి దగ్గర కావాలంటే భాషనూ, పేరునూ, తిండినీ గడప బయట వదిలి రమ్మని మాకు చెబుతుంటారు. దానికి ప్రధాన స్రవంతి అని పెద్ద పేరు. జాకిర్ హుసేన్ ఉర్దూను వదిలి బెర్లిన్‌లో కలవలేదు. తన గాలిబ్‌ను వెంట తీసుకునే కలిశారు. మనకు అతి ప్రియమైనదాన్ని పెట్టుకోడానికి చోటిచ్చిన ఊరు ఇక పూర్తిగా పరాయిదిగా మిగలదు.

ఆ మమకారం ఆయన్ని ఈ దేశానికి దూరం చేయనూ లేదు. ప్రేమ తవ్వతో కొలిచి పోసే బియ్యం కాదు, ఒకరికి పెడితే ఇంకొకరికి తగ్గిపోవడానికి. 1926లో తిరిగొచ్చి, నడపడానికి డబ్బులేని జామియా మిలియాను 1948 దాకా మోశారు.

ఇక్కడితో ఆపితే ఇది తీపి కథే. కానీ అదే బెర్లిన్‌లో ఈ ముగ్గురికీ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు స్నేహితురాలు ఉండేవారు. జర్మనీలో పుట్టి పెరిగిన మనిషి. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఏడేళ్ల కిందట ఒక హైదరాబాదీకి పట్టా ఇచ్చి పంపిన ఊరు తన సొంత బిడ్డలనే "మీరెవరు?" అని అడగసాగింది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌర హక్కులను లాగేశాయి.

గెర్డా అప్పటికే జామియాకు వచ్చి చిన్నపిల్లల మధ్య పని చేస్తున్నారు. వాళ్లకు ఆమె ఆపాజాన్. రెండో ప్రపంచ యుద్ధం రాగానే, జర్మన్ అనే కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. నువ్వు జర్మన్‌వి కాదని జర్మనీ అంది. జర్మన్‌వేనని బ్రిటిష్ సర్కారు అంది. మా మనిషివని జామియా అంది. 1943లో కన్నుమూసిన ఆమె జామియా ఖబరస్తాన్‌లోనే ఉన్నారు. 1969లో జాకిర్ హుసేన్‌ను ఖననం చేసిందీ జామియా నేలలోనే.

కనుక పుట్టుక హామీ కాదు. పుట్టకపోవడం అడ్డంకీ కాదు. ఏ ఊరికీ దానంతట దానికి మంచితనం ఉండదు. ఒకరు చోటిస్తారు, వచ్చినవారు తమకున్నది తెచ్చి పెడతారు. అలా ఊరు ఇద్దరిదీ అవుతుంది. ఎవరు అసలువాళ్లు, ఎవరు కొసరువాళ్లు అని లెక్క తీయడం మొదలైన రోజు ఎంత గొప్ప నగరమైనా చెడుతుంది. ఆ లెక్క ఎవరి దగ్గర మొదలైనా, ఎవరి దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇవాళ మా పిల్లలు చదువుకోడానికి చికాగోకో లండన్‌కో వెళ్తున్నారు. మీ పిల్లలూ వెళ్తున్నారు. తమ పేరు సరిగా పలకలేని ఇంటి యజమాని ముందు ఇద్దరూ ఒకేలా నిలబడతారు. అక్కడ మీ బిడ్డ కోసం మీరు ఎలాంటి ఊరు కోరుకుంటారో, ఇక్కడ మాకూ అలాంటి ఊరే కావాలి. అంతకు మించి ఒక్క గజం కూడా మేము అడగడం లేదు.