సెగ తగిలిన వింటిబద్ద

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కన్నప్ప కథ వినిన భక్తుని మనస్సు, స్వామికి కన్ను సమర్పించిన ఆ త్యాగముపై నిలుచును. ఆ వేటకాని చేతి వింటిని మలచిన పనితనమును తలచువారు అరుదు. కాయకమును కైలాసముగా ఎంచు శరణమార్గమున అదియు తలచదగినదే.

పలకనుండి విల్లు చేయువాడు మొదట చెక్క నారను చూచును. నార ఈ కొననుండి ఆ కొనకు తెగక సాగవలెను. నడుమ తెగినచో విల్లు అచ్చటనే చీలును. పిదప రెండు కొమ్ములును సమముగా వంగునట్లు చిత్రిక పట్టును. అటుపిమ్మట సెగ చూపవలెను. విలుకాని వైపున్నది వింటి కడుపు, ఆవలిది వీపు. ఎక్కుపెట్టినపుడు వీపు సాగును, కడుపు నలుగును. కావున నిప్పుల సెగ కడుపునకే చూపుదురు. తేమ తొలగి, గోధుమవన్నెకు తిరిగి, ఆ భాగము ఒత్తిడికి ఓర్చును. సెగ వీపునకు సోకినచో అది పెళుసగును. కాచిన వెంటనే వంచరాదు. కొన్ని దినములుంచి గాలిలోని తేమను మరల గ్రహింపనీయవలెను.

తొందరపడిన చేతిలో వీపున సన్నని బీట పడెననుకొందము. రంగు పూసిన అది మరుగుపడును; కొనువాడెరుగడు. కాని నిండుగా లాగిన నాడు విల్లు అతని ముఖము చెంతనే విరుగును. ఆ బద్దను పొయ్యిలో వేయువాడు కూలిని కోల్పోవును, కాయకమును నిలుపుకొనును. 12వ శతాబ్దపు శరణులలో వెదురు పనివాడైన మేదర కేతయ్యయు, త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు పూజ్యులైనది కాయకశుద్ధి చేతనే. మోసపు సొమ్ముతో జరిపిన దాసోహము జంగమునకు చెందదు.

శిష్యుని తీర్చు గురువును, బిడ్డను పెంచు తల్లిదండ్రులును వింటి పనివారే. నియమమను సెగ లేక బలము రాదు. కాని పదిమందిలో అవమానించుట వీపును కాల్చుటయే. గద్దించిన మరునాడే పెనుభారము మోపుట, తేమ పట్టని బద్దను ఎక్కుపెట్టుటయే. బిడ్డ మనస్సు విరిగిన పిదప “చెక్క మంచిది కాదు” అనుట బీటపై రంగు పూయుట వంటిది. పనివాడు బద్దను పొయ్యిలో వేసి మరియొక పలకను తెచ్చుకొనగలడు. తల్లిదండ్రులకు మరియొక బిడ్డ ఆ బిడ్డ కాజాలడు. కావున నిప్పును చేతబట్టుటకు ముందే తన చేతిని పరీక్షించుకొనువాడు ధన్యుడు.