పర్లేదు!

సినిమాలో వాన కనిపించాలంటే వాన పడితే చాలదు. అందులోనూ రాత్రిపూట! ధారల వెనకనుంచి దీపం వెయ్యాలి. ముందునుంచి వేస్తే చినుకులు కంటికి ఆనవు. ఈ సంగతి సినిమా చదువు చదువుతున్న మా అక్క కూతురు చెప్పింది.

పరీక్ష కోసం ఓ చిన్న సినిమా తీసిందది. అర్ధరాత్రి ఓ అమ్మాయి ఇల్లు విడిచి వీధిలోకి వస్తుంది. అదీ దృశ్యం. ఆ రాత్రి నిజంగానే వాన పట్టుకుంది. "కావాలన్నా దొరకదు పిన్నీ ఇలాంటి వాన!" అని సంబరపడిపోయింది. తోడుగా నేనూ వెళ్ళాను.

కెమెరాకి ప్లాస్టిక్ కాగితం చుట్టి, పైన పెద్ద గొడుగు పట్టారు. వైర్లు కలిసేచోట నీళ్ళు తగలకుండా ఇటికల మీద ఎత్తిపెట్టారు. ముచ్చటేసింది. కానీ గొడుగు పట్టుకున్న కుర్రాడు నిలువునా తడుస్తున్నాడు! కెమెరా అద్దెకి వచ్చింది, పాడైతే డబ్బు కట్టాలి. ఆ కుర్రాడు స్నేహం కొద్దీ వచ్చాడు. ఊరికే దొరికినదాన్ని తడవకుండా చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

నటిస్తున్న పిల్లా స్నేహితురాలే. నూలుచీర ఒంటికి అంటుకుపోయి వణుకుతోంది. "ఇంకొక్కసారి చేద్దామా?" అంటే, "పర్లేదులేవే" అంది.

కష్టం లేకుండా కళ లేదంటారు. ఒప్పుకుంటాను. 1952లో వచ్చిన 'సింగిన్ ఇన్ ద రెయిన్'లో జీన్ కెల్లీ 103 డిగ్రీల జ్వరంతో వానలో నాట్యం చేశాడు. ఆ సినిమా దర్శకులు ఇద్దరిలో తనూ ఒకడు. తన జ్వరం, తన ఇష్టం! మరి ఇంకొకరి ఒళ్ళు తడిపి తీసే బొమ్మో? 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి' సత్యజిత్ రాయ్‌కి మొదటి సినిమా. వానలో తడిసిన దుర్గ కథలో జ్వరంతో చనిపోతుంది. ఆ వాన దృశ్యం తీయగానే, వణుకుతున్న పిల్లలకి వేడిపాలలో కాస్త బ్రాందీ కలిపి తాగించారట. బొమ్మమీద ఉన్న ధ్యాస మనిషిమీదా ఉందన్నమాట.

మా పిల్ల మాత్రం తక్కువదా? తనూ గొడుగు లేకుండానే నిలబడింది. "అందరితోపాటు నేనూ తడిశాను కదా పిన్నీ!" అంది. నిజమే. కానీ తడవడం ఒకటే అయినా, తెరమీద దర్శకత్వం అని పడే పేరు ఒక్కరిదే కదా!

అసలు చిక్కంతా ఆ "పర్లేదు"లో ఉంది. ఆ మాట మనకి కొత్తా? రాత్రి పదిన్నరకి చుట్టాలు దిగుతారు. "నీకేం ఇబ్బంది లేదుగా?" అని అడుగుతూనే ఆయన విస్తళ్ళు తెమ్మంటారు. మనం "పర్లేదు" అంటాం. అది ఇష్టమా, కాదనలేకపోవడమా? ఒక్కోసారి మనకే తెలియదు.

ఎదుటివాళ్ళు కష్టపడాలని అడగడం తప్పని నేననను. అలా అడగకపోతే సినిమాలూ ఉండవు, పెళ్ళిళ్ళూ ఉండవు! కానీ అడిగేముందు, "కాదన్నా నువ్వు నాకు స్నేహితురాలివే" అన్న ధైర్యం ఇవ్వాలి. కాదనే వీలుండి కూడా "పర్లేదు" అంటే, అది కానుక. వీలే లేకుండా అంటే, అది పన్ను.

కానుకకి కృతజ్ఞత చెబుతాం. పన్నుకి చెప్పేదెవరు?